వారమంతా చేసిన పని ఏ రిపోలో ఉంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సొంత కంప్యూటర్లో పది పదిహేను ప్రాజెక్టులు పెట్టుకుని, వాటన్నిటినీ గిట్‌తో (కోడ్‌లో జరిగిన మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నవాళ్లు ఈమధ్య రాసిన కోడ్‌ను ఒకచోట ఎలా చూసుకోవాలన్నదే ఆ విషయం. అందుకని మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఆదేశాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను కనుక, టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలని గమనించగలరు. కొత్తవారి కోసం కొన్ని మాటలు: రిపో అంటే గిట్ చరిత్ర దాచే ప్రాజెక్టు ఫోల్డర్, కమిట్ అంటే ఒక మార్పును సందేశంతో సహా ఆ చరిత్రలో నమోదు చేయడం, లాగ్ అంటే ఆ నమోదుల జాబితా, బ్రాంచ్ అంటే ప్రధాన కోడ్‌ను కదిలించకుండా పని చేసుకునే వేరు పాయ, మెర్జ్ అంటే పాయలను కలపడం, రిమోట్ అంటే వేరే సర్వర్‌లో ఉన్న రిపో నకలు, అక్కడికి కమిట్లను పంపడమే పుష్.

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటూ ముగ్గురు క్లయింట్లకు వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు చేసిపెడుతుంటాను. నా ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు గిట్ రిపోలు ఉన్నాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరి పని నివేదిక వారికి పంపాలి. తీరా రాయడానికి కూర్చుంటే సోమ, మంగళవారాల్లో ఏం చేశానో గుర్తుకు రాదు. ఒక్కో ఫోల్డర్‌లోకి వెళ్లి లాగ్ చూసుకునేసరికి గంటన్నర గడిచిపోతోంది. అన్నిటినీ ఒకేసారి చూపించే ఆదేశం గిట్‌లో ఉందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్ని రిపోల లాగ్‌నూ ఒక్క మాటతో చూపించే ఆదేశం గిట్‌లో లేదండీ. దానికి కారణం గిట్ పుట్టుకలోనే ఉంది. లైనక్స్ కెర్నెల్ బృందం అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాయడం మొదలుపెట్టారు. ఎవరి కంప్యూటర్లో ఉన్న రిపో నకలు వారి దగ్గరే పూర్తి చరిత్రతో, ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడాలన్నది అందులోని మూల ఆలోచన. అందువల్ల ప్రతి రిపో తన చరిత్రనంతా తన ఫోల్డర్‌లోని చుక్క-గిట్ అనే లోపలి ఫోల్డర్‌లో దాచుకుంటుంది. పక్క ఫోల్డర్‌లో ఇంకో రిపో ఉన్నదన్న సంగతి దానికి తెలియదు. రిపోలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే చెప్పాలి.

మొదట అన్నిటినీ ఒకే చూరు కిందికి తీసుకురండి. హోమ్‌లో ‘పని’ అని ఒక ఫోల్డర్, అందులో క్లయింటుకొకటి, వాటి లోపల రిపోలు ఉంటే చాలు. డౌన్‌లోడ్స్‌లోనో, డెస్క్‌టాప్ మీదో ఉండిపోయిన రిపోను ఫోల్డర్ మొత్తంగా జరిపితే చరిత్ర చెక్కుచెదరదు. వర్క్‌ట్రీలు (ఒకే రిపోకు చెందిన అదనపు పని ఫోల్డర్లు) వాడుతున్నట్లయితే మాత్రం జరిపిన తర్వాత ‘గిట్ వర్క్‌ట్రీ రిపేర్’ ఒకసారి నడపాలి. క్లయింటు పేరుతో ఫోల్డర్ ఉండటం వల్ల నివేదిక దానంతటదే మూడు భాగాలుగా విడిపోతుంది, ఒకరి పని పొరపాటున ఇంకొకరి నివేదికలోకి వెళ్లదు.

ఆ తర్వాత ఐదారు వరుసల షెల్ స్క్రిప్టు (ఆదేశాలను వరుసగా నడిపే చిన్న ఫైలు) ఒకటి రాసుకోండి. ‘ఫైండ్’ ఆదేశంతో ‘పని’ ఫోల్డర్ కింద చుక్క-గిట్ ఎక్కడెక్కడ ఉందో వెతికించడం, దొరికిన ప్రతి చోటా ముందు రిపో పేరు అచ్చు వేయించడం, ఆపైన ‘గిట్ లాగ్’ నడపడం, అంతే. ఫోల్డర్‌లోకి వెళ్లకుండానే ఆదేశం నడపడానికి ‘గిట్’ తర్వాత ‘-సి’ అని (పెద్ద సి) పెట్టి దారి ఇస్తే సరిపోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సాధారణ రిపోలో చుక్క-గిట్ అనేది ఫోల్డర్. వర్క్‌ట్రీలోనూ సబ్‌మాడ్యూల్‌లోనూ (ఒక రిపో లోపల ఉంచిన మరో రిపో) అది ఒక చిన్న ఫైలు మాత్రమే. వర్క్‌ట్రీ తన మూల రిపోతో చరిత్రను పంచుకుంటుంది కాబట్టి లాగ్ కోసం దాన్ని వదిలేయాలి, లేకపోతే అవే కమిట్లు రెండుసార్లు వస్తాయి. సబ్‌మాడ్యూల్‌కు సొంత చరిత్ర ఉంటుంది కాబట్టి దాన్ని వదలకూడదు. 2.30 వెర్షన్ నుంచి ‘గిట్ ఫర్-ఈచ్-రెపో’ అనే ఆదేశం కూడా ఉంది. రిపోల జాబితాను గిట్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలు) రాసిపెడితే, ఇచ్చిన పనిని అన్నిటిలోనూ చేస్తుంది. అయితే ఏ వరుస ఏ రిపోదో అది చెప్పదు, పైగా ఇంకా ప్రయోగదశలో ఉన్నదని దాని సహాయ పుటలోనే రాసి ఉంటుంది. అందుచేత మీ అవసరానికి నేను స్క్రిప్టునే సూచిస్తాను.

ఇక ‘గిట్ లాగ్’ పక్కన ఏమేమి పెట్టాలన్నది అసలు విషయం. ఏమీ పెట్టకపోతే అది మీరు ప్రస్తుతం నిలబడి ఉన్న బ్రాంచ్ చరిత్రనే చూపిస్తుంది. మంగళవారం చెల్లింపుల పేజీని వేరే బ్రాంచ్‌లో రాసి, శుక్రవారం సాయంత్రం మెయిన్ బ్రాంచ్‌లో ఉండి లాగ్ చూస్తే, మంగళవారం మీరు ఖాళీగా కూర్చున్నట్లే కనిపిస్తుంది. ‘--ఆల్’ పెడితే అన్ని బ్రాంచ్‌లూ వస్తాయి. వాటితోపాటు రిమోట్ నుంచి తెచ్చుకున్న ఇతరుల కమిట్లు కూడా వస్తాయి కాబట్టి ‘--ఆథర్’ పెట్టి మీ ఈమెయిల్ ఇవ్వాలి. మెర్జ్ కమిట్లు నివేదికకు పనికిరావు, ‘--నో-మెర్జెస్’ వాటిని తీసేస్తుంది. ‘--ఆల్’ పెట్టినప్పుడు జాబితాలో ‘ఇండెక్స్ ఆన్’ అని (‘--నో-మెర్జెస్’ లేకపోతే ‘డబ్ల్యూఐపీ ఆన్’ అని కూడా) మొదలయ్యే వరుస కనబడితే కంగారుపడవద్దు. అది మీరు స్టాష్‌లో (కమిట్ చేయకుండా మార్పులను పక్కన పెట్టే చోటు) దాచి మరిచిపోయిన పని.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది, ఎప్పటి నుంచి చూపించాలో చెప్పే ‘--సిన్స్’. ఉదాహరణకు 2025 ఆగస్టు 8 శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మీరు నివేదిక రాస్తున్నారనుకుందాం. సోమవారం నుంచి కావాలని ‘--సిన్స్=2025-08-04’ అని ఇచ్చారు. సమయం ఇవ్వలేదు కాబట్టి గిట్ ఆ తేదీకి ప్రస్తుత సమయాన్ని తగిలిస్తుంది. అంటే సోమవారం సాయంత్రం ఆరు నుంచి జరిగినదే చూపిస్తుంది. సోమవారం పగలంతా మీరు చేసిన పని ఏ హెచ్చరికా లేకుండా జాబితాలోంచి జారిపోతుంది. సోమవారం ఏం చేశానో గుర్తు రావడం లేదని రాశారు. లాగ్‌లో కూడా కనిపించకపోవడానికి ఇదే కారణమై ఉండవచ్చు. తేదీ పక్కన 00:00 అని సమయం కూడా రాసి, రెండింటినీ కలిపి కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వండి. ‘యెస్టర్‌డే’ అన్నా ఇదే తంతు. నిన్న ఉదయం నుంచి కాదు, సరిగ్గా ఇరవైనాలుగు గంటల కిందటి నుంచి అని దాని అర్థం. ఈ రోజు పని మాత్రమే కావాలంటే ‘--సిన్స్=మిడ్‌నైట్’ నమ్మదగినది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక సంస్థలో పనిచేస్తున్నాను. ఆరేడు రిపోలలో వారం రోజుల లాగ్ తీస్తే, ఒకదానిలో నెల కిందట రాసిన కమిట్లు ఈ వారం పనిగా వచ్చాయి. తేదీ చూస్తే జులైదే ఉంది, అయినా ఆగస్టు జాబితాలో వచ్చింది. ఇంకొక రిపోలో మాత్రం బుధవారం నేను కచ్చితంగా చేసిన పని అసలే రాలేదు. గిట్‌ను నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నమ్మవచ్చునమ్మా, కానీ అది చెప్పేదేమిటో తెలుసుకుని నమ్మాలి. గిట్‌లో ప్రతి కమిట్‌కూ రెండు తేదీలు ఉంటాయి. మీరు ఆ మార్పును మొదట రాసిన తేదీ ఒకటి, ఆ కమిట్ ఇప్పుడున్న రూపంలో తయారైన తేదీ ఒకటి. మామూలుగా రెండూ ఒకటే. జులై 9న రాసిన కమిట్‌ను ఆగస్టు 6న మెయిన్ బ్రాంచ్ మీదికి రీబేస్ చేశారనుకోండి, అంటే మెయిన్ తాజా కమిట్ మీద దాన్ని మళ్లీ పేర్చారనుకోండి. రాసిన తేదీ జులై 9గానే ఉంటుంది, కమిట్ తేదీ ఆగస్టు 6గా మారుతుంది. ‘గిట్ లాగ్’ తెర మీద చూపించేది మొదటి తేదీని, ‘--సిన్స్’ లెక్కలోకి తీసుకునేది రెండో తేదీని. మీకు కనిపించిన వింత అదే. ‘--ప్రెటీ=ఫుల్లర్’ అని పెట్టి చూస్తే రెండు తేదీలూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఆ ఒక్క కమిట్‌ను అలా తెరిచి చూడండి, అనుమానం తీరుతుంది. రాసిన తేదీని బట్టి వడకట్టే ఆప్షన్ గిట్‌లో నేరుగా లేదు. కావాలంటే కాస్త ఎక్కువ కాలానికి లాగ్ తీసి, ఆ తేదీని వరుస మొదట్లో అచ్చు వేయించి, స్క్రిప్టులోనే వడకట్టుకోవాలి.

రెండో రిపో సంగతికి రెండు కారణాలు ఉండవచ్చు. ముందుగా ఈమెయిల్ చూడండి. ఆఫీసు రిపోలో సొంత ఈమెయిల్‌తోనో, సొంత రిపోలో ఆఫీసు ఈమెయిల్‌తోనో కమిట్ చేయడం చాలామందికి జరిగేదే. రిపోలను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోనే ఫైలు దిద్ది, మీ ఈమెయిల్‌ను గోప్యంగా ఉంచే సెట్టింగ్ పెట్టుకుని ఉంటే, ఆ కమిట్ ‘నోరిప్లై’ చిరునామాతో నమోదవుతుంది. ‘గిట్ షార్ట్‌లాగ్’ పక్కన ‘-ఎస్ఎన్ఈ --ఆల్’ అని పెడితే ఆ రిపోలో ఏయే పేర్లతో, ఏయే ఈమెయిళ్లతో కమిట్లు ఉన్నాయో జాబితా వస్తుంది. అందులో మీవి రెండు మూడు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ‘--ఆథర్’ను ఎన్నిసార్లయినా ఇవ్వవచ్చు, ఇచ్చిన వాటిలో ఏ ఒక్కటి సరిపోయినా కమిట్ జాబితాలోకి వస్తుంది. ఇకముందు ఇలా జరగకుండా, కాన్ఫిగ్‌లో ‘ఇన్‌క్లూడ్‌ఇఫ్’ పెట్టి ఆఫీసు ఫోల్డర్ కింద ఉన్న రిపోలన్నిటికీ ఆఫీసు ఈమెయిల్ దానంతటదే వర్తించేలా చేసుకోండి. 2017లో వచ్చిన 2.13 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది.

ఈమెయిల్ సరిగానే ఉంటే గడియారాన్ని అనుమానించాలి. ‘--సిన్స్’తో లాగ్ తీసినప్పుడు గిట్ కొత్త కమిట్ల నుంచి పాతవాటి వైపు నడుస్తూ, అడిగిన తేదీ కంటే పాత కమిట్ ఎదురైతే ఆ దారిలో ఇక ముందుకు వెళ్లదు. ఎవరి కంప్యూటర్ గడియారమో వెనకబడి ఉండి, పాత తేదీతో ఒక కమిట్ మధ్యలో పడితే, దాని వెనుక ఉన్న మీ బుధవారం పని చాటున ఉండిపోతుంది. 2022లో వచ్చిన 2.37 వెర్షన్‌లో ‘--సిన్స్-యాజ్-ఫిల్టర్’ అని ఒక ఆప్షన్ చేర్చారు. అది మధ్యలో ఆగకుండా అన్నిటినీ చూసి, సరిపోయినవాటిని ఇస్తుంది. రిపో పెద్దదైతే కొంచెం ఆలస్యమవుతుంది కానీ వారానికి ఒక్కసారి చేసే పనికి ఆ ఆలస్యం లెక్కలోనిది కాదు.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాకు రోజూ కమిట్ చేసే అలవాటు లేదు. లాగ్ చూస్తే నా పనిలో సగం కనిపించదు. పైగా గత వారం ఒక బ్రాంచ్‌ను అవసరం లేదనుకుని తీసేశాను, ఇప్పుడు అందులోని కోడ్ కావలసివచ్చింది. వెనక్కి తెచ్చుకునే దారి ఉందా, సార్?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఉంది, బాబూ. బ్రాంచ్ తీసేస్తే పోయేది దాని పేరు మాత్రమే, అందులోని కమిట్లు వెంటనే చెరిగిపోవు. ఆ రిపోలో ‘గిట్ రిఫ్లాగ్’ అని కొట్టు. నీ హెడ్ (ప్రస్తుతం నువ్వున్న చోటును చూపే గుర్తు) ఎప్పుడెప్పుడు ఏ కమిట్ మీద నిలిచిందో వరుసగా కనిపిస్తుంది. తీసేసిన బ్రాంచ్‌లో చివరి కమిట్ దగ్గరున్న హాష్‌ను (ఆ కమిట్‌ను గుర్తించే అక్షరాలు, అంకెల వరుస) చూసుకుని, ‘గిట్ బ్రాంచ్’ తర్వాత ఒక కొత్త పేరు, ఆ హాష్ ఇస్తే బ్రాంచ్ తిరిగి వస్తుంది. అయితే ఆలస్యం చేయవద్దు. ఏ బ్రాంచ్ నుంచీ చేరుకోలేని కమిట్ల నమోదును రిఫ్లాగ్ మామూలుగా 30 రోజులే ఉంచుతుంది, మిగతావాటిని 90 రోజులు. గత వారం జరిగింది కాబట్టి నీకు వ్యవధి ఉంది. రిఫ్లాగ్ ఆ కంప్యూటర్‌కే పరిమితమని కూడా గుర్తుంచుకో. రిపోను మళ్లీ క్లోన్ చేసుకుంటే (రిమోట్ నుంచి కొత్తగా దించుకుంటే) అది వెంట రాదు, కాబట్టి పాత ఫోల్డర్‌ను తొలగించవద్దు.

కమిట్ చేయని పని సంగతి వేరు. ‘గిట్ యాడ్’ చేసి ఉంటే ఆ ఫైలు నకలు ఒకటి గిట్ లోపల ఎక్కడో ఉంటుంది, ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్’ దాన్ని వెలికి తీయగలదు. పేరు లేకుండా వస్తుంది, తెరిచి చూసి పోల్చుకోవాలి. యాడ్ కూడా చేయని మార్పును పొరపాటున చెరిపేస్తే గిట్ చేయగలిగిందేమీ లేదు.

అందుకే వారం సమీక్ష అంటే లాగ్ చదవడం ఒక్కటే కాదని నేను పదేపదే చెబుతుంటాను. నీకూ, పైన రాసిన ఇద్దరికీ కూడా ఇది వర్తిస్తుంది. లాగ్ కంటే ముందు ప్రతి రిపోలోనూ మూడు విషయాలు చూడాలి. ‘గిట్ స్టేటస్ --షార్ట్ --బ్రాంచ్’తో కమిట్ కాని ఫైళ్లు, ‘గిట్ స్టాష్ లిస్ట్’తో దాచిపెట్టి మరిచినవి, ‘గిట్ లాగ్ --బ్రాంచెస్ --నాట్ --రిమోట్స్’తో ఈ కంప్యూటర్ తప్ప మరెక్కడా లేని కమిట్లు. మూడో ఆదేశాన్ని నేను ప్రతి సాయంత్రం నడుపుతాను. కొన్నేళ్ల కిందట ఒక శనివారం నా ల్యాప్‌టాప్ డిస్క్ చెడిపోయింది. ముందురోజు సాయంత్రమే ఒక మాడ్యూల్ పూర్తయిందని నివేదికలో రాసి పంపాను. ఆ మాట నిజమే, లాగ్‌లో దాని కమిట్లన్నీ ఉన్నాయి. కానీ అవి ఏ రిమోట్‌కూ పుష్ కాలేదు. దుకాణంలో డిస్క్‌ను తెరిచి చూసిన అతను ఏమీ రాదని చెప్పినప్పుడు, నాకు గుర్తున్నది బ్రాంచ్ పేరు ఒక్కటే. రాసిన కోడ్‌నే మూడు రోజులు కూర్చుని మళ్లీ రాశాను, అయినా మొదటిసారి రాసినప్పుడు పట్టుకున్న రెండు చిన్న తప్పులు రెండోసారి తిరిగి దొర్లాయి. ఆ క్లయింటుకు నిజం చెప్పి గడువు అడగవలసివచ్చింది. పని జరిగిందా అన్నంత ముఖ్యమైనదే ఆ పని ఎక్కడుందన్న ప్రశ్న కూడా.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. మా బృందంలో సగంమంది హైదరాబాద్‌లో ఉన్నారు. అప్రైజల్ దగ్గరపడుతోందని మేనేజర్ ఆరు నెలల కాలానికి అందరి కమిట్ల సంఖ్య, కలిపిన వరుసల సంఖ్య తీసుకురమ్మన్నారు. నా రిపోలన్నీ కలిపి లెక్క తీశాను కానీ అది నా పనిలా అనిపించలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది: తేదీల వారీగా పేర్చితే హైదరాబాద్ వాళ్ల పని, నా పని ఒక రోజు అటూ ఇటూ అవుతున్నాయి.
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ముందు తేదీల సంగతి తేల్చుకుందాం. ప్రతి కమిట్ తన సమయంతోపాటు, అది జరిగిన చోట గ్రీనిచ్ కాలానికి ఎంత తేడా ఉందో కూడా రాసుకుంటుంది. హైదరాబాద్ కమిట్‌లో +0530 అనీ, వేసవిలో డల్లాస్ కమిట్‌లో -0500 అనీ ఉంటాయి. లాగ్ ప్రతి కమిట్‌నూ రాసినవారి స్థానిక సమయంలో చూపిస్తుంది. మీకు మంగళవారం రాత్రి పది గంటలైతే హైదరాబాద్‌లో బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. ఒకే క్షణంలో ఇద్దరు చేసిన కమిట్లు రెండు వేర్వేరు తేదీలతో కనిపించడానికి అదే కారణం. ‘--డేట్=లోకల్’ అని పెడితే అన్నిటినీ మీ కంప్యూటర్ కాలమానంలోకి మార్చి చూపిస్తుంది. నవంబరులో అమెరికాలో గడియారాలు వెనక్కి జరిగినప్పుడు తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకు పెరుగుతుందని తెలిసిందే, గిట్ ఆ లెక్క తనే చూసుకుంటుంది.

ఇక సంఖ్యల గురించి. ఆ లెక్క మీ పనిలా అనిపించలేదన్నారు, మీ భావన సరైనదే. ‘--షార్ట్‌స్టాట్’ ఇచ్చే వరుసల సంఖ్యలో ప్యాకేజీ లాక్ ఫైలు (వాడే లైబ్రరీల వెర్షన్లను సాధనమే రాసిపెట్టే జాబితా) ఒక్కటి మారితే వేల వరుసలు చేరతాయి. కోడ్ అమరికను సరిచేసే ఫార్మాటర్ ఒకసారి నడిపితే రిపో మొత్తం మీ పేరు మీదికి వస్తుంది. మరోవైపు రెండు రోజులు వెతికి, ఒక షరతులో తక్కువ గుర్తుకు బదులు తక్కువ-లేదా-సమానం గుర్తు ఉండటం వల్లనే ప్రతి నెలాఖరునా లెక్క తప్పుతోందని కనిపెట్టి దిద్దితే, చేరింది ఒక్క వరుస, పోయింది ఒక్క వరుస. అవసరం లేని మాడ్యూల్‌ను జాగ్రత్తగా తీసేసినవారి ఖాతాలో పనికి బదులు లోటు కనిపిస్తుంది. కమిట్ల సంఖ్య కూడా అంతే, ఒకరు చిన్నచిన్నవిగా చేస్తారు, మరొకరు అన్నీ కలిపి స్క్వాష్ చేస్తారు. పైగా స్క్వాష్ చేసి కలిపిన తర్వాత పాత బ్రాంచ్ మీ కంప్యూటర్లోనే ఉండిపోతే, ‘--ఆల్’ లెక్కలో ఆ పని రెండుసార్లు పడుతుంది.

గిట్‌హబ్ ప్రొఫైల్‌లో రోజువారీ పనిని చూపే ఆకుపచ్చ గళ్లను చూపించమంటే అది కూడా సరిపోదు. అందులో డిఫాల్ట్ బ్రాంచ్‌కు చేరని కమిట్లు లెక్కకు రావు, ఫోర్క్‌లో (మరొకరి రిపోకు సొంత ఖాతాలో చేసుకున్న నకలు) చేసినవి రావు, ఖాతాకు జతపరచని ఈమెయిల్‌తో చేసినవీ రావు.

మేనేజర్ గారు అడిగినదాన్ని ఇవ్వకుండా ఉండలేరు, ఇవ్వండి. దాని పక్కనే ఆరు నెలల్లో మీరు చేసినవాటిలో ఎనిమిదో పదో ఎంచుకుని, ఒక్కొక్కటీ రెండు వాక్యాల్లో రాయండి: ఏ ఇబ్బంది ఉండేది, ఇప్పుడు ఏమైంది. ప్రతి వాక్యం చివర కమిట్ హాష్ మొదటి ఏడెనిమిది అక్షరాలు ఉంచండి. అడిగినవారు నమ్మకపోతే తెరిచి చూసుకోవచ్చు. సంఖ్యల పట్టిక కంటే ఆ పేజీనే వారు ఎక్కువసేపు చదువుతారని నా అనుభవం.

ప్రశ్న: జాబితా తీయడం అర్థమైంది, చదవడమే రావడం లేదు. వంద కమిట్లు తెర మీద పరుగెత్తుతుంటే ఏం చూడాలో తెలియదు. ఈమధ్య మిత్రులు లాగ్ మొత్తాన్ని ఏఐకి ఇచ్చి వారం నివేదిక రాయించుకోమంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వందనూ ఒకే వేగంతో చదవనక్కర్లేదు. మొదటిసారి కమిట్ శీర్షికలను మాత్రమే చదవండి. ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’, ‘చేంజెస్’ అని ఒక్క మాటతో ఉన్నవాటి దగ్గర ఆగండి, ఆ రోజు మీరు అలసిపోయి ఉన్నారో, పని సగంలో ఉందో అవి చెబుతాయి. వాటికి ‘--స్టాట్’ పెట్టి ఏయే ఫైళ్లు మారాయో చూడండి. ఒకే ఫైలు వారంలో ఐదారుసార్లు వస్తే, దాన్ని ‘గిట్ లాగ్ -పి’తో ఆ ఫైలు వరకే తెరిచి మొదటి నుంచి చదవండి. సోమవారం పెట్టి మంగళవారం తీసి బుధవారం మళ్లీ పెట్టిన షరతు దొరికిందంటే, ఆ చోట విషయం మీకింకా పూర్తిగా అర్థం కాలేదని తెలుస్తుంది. నేను చూసిన తప్పుల్లో చాలావరకు అలాంటి చోట్లనే బయటపడ్డాయి.

బ్రాంచ్‌ను మొత్తంగా చూడాలంటే తేడాలను చూపే ‘గిట్ డిఫ్’కు మెయిన్, మీ బ్రాంచ్ పేర్ల మధ్య మూడు చుక్కలు పెట్టండి. రెండు చుక్కలు పెడితే ఈలోగా మెయిన్‌లో ఇతరులు చేసిన మార్పులు కూడా తలకిందులై కలిసిపోతాయి. మూడు చుక్కలైతే మీరు విడిపోయిన చోటు నుంచి మీరు చేసినది మాత్రమే వస్తుంది. దాన్ని రాసిన రోజు కాకుండా మర్నాడు ఉదయం చదవండి. డీబగ్ కోసం పెట్టి మరిచిన ప్రింట్ వరుసలు, వ్యాఖ్యగా మార్చి వదిలేసిన పాత కోడ్, ‘తర్వాత చూద్దాం’ అని రాసుకున్న వరుసలు అప్పుడు కంటికి తగులుతాయి.

ఏఐ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. సొంత ప్రాజెక్టులైతే ప్రయత్నించండి. ఆఫీసువో, క్లయింటువో అయితే లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా లాగ్‌ను గానీ డిఫ్‌ను గానీ బయటి సర్వర్‌కు పంపవద్దు. లాగ్‌లో సహోద్యోగుల పేర్లు, ఈమెయిళ్లు, క్లయింటు పేర్లు ఉంటాయి. డిఫ్‌లో పొరపాటున చేరిన పాస్‌వర్డులు, కీలు కూడా ఉండవచ్చు. అనుమతి ఉన్నా అది మీ కమిట్ సందేశాలను అందంగా తిరిగి చెప్పగలదు తప్ప, రెండు రోజులు వెతికి ఏమీ దొరకక వదిలేసిన దారి గురించి చెప్పలేదు, ఎందుకంటే అది ఏ కమిట్‌లోనూ లేదు. నివేదికలో క్లయింటు తెలుసుకోవలసినది చాలాసార్లు అదే. అలాంటి వాటికోసం ప్రతి రిపోలో ‘నోట్స్’ అనే ఫైలు ఒకటి పెట్టుకుని, రోజుకు ఒక వరుస రాసి కమిట్ చేయండి, శుక్రవారం నాటి లాగ్‌లో అది కూడా వస్తుంది.

ప్రశ్న: కమిట్ సందేశాలను, నోట్స్‌ను తెలుగులో రాసుకోవచ్చా? ఏమైనా చిక్కులు వస్తాయా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిక్షేపంగా రాసుకోవచ్చు. గిట్ కమిట్ సందేశాలను యూటీఎఫ్-8గానే (అన్ని భాషల లిపులకూ పనికొచ్చే అక్షర సంకేత పద్ధతి) భావిస్తుంది కాబట్టి తెలుగు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ‘--గ్రెప్’తో తెలుగు మాటను వెతికినా దొరుకుతుంది. ఫైలు పేర్లు తెలుగులో ఉంటే మాత్రం ‘గిట్ స్టేటస్’లో అక్షరాలకు బదులు వెనక్కి వాలిన గీతలు, అంకెలు కనిపిస్తాయి. కాన్ఫిగ్‌లో ‘కోర్.కోట్‌పాత్’ను ‘ఫాల్స్’ చేస్తే పేర్లు మామూలుగా వస్తాయి. కొన్ని టెర్మినళ్లలో వత్తులు, గుణింతాలు విడిపోయి కనబడవచ్చు, అది ఆ టెర్మినల్ ఫాంటుకు సంబంధించినది, లోపల దాచిన అక్షరాలకు ఏమీ కాదు. బృందంలో తెలుగు రానివారు ఉన్న రిపోలో అందరికీ తెలిసిన భాషలోనే రాయండి. మీ ఒక్కరివే అయిన ప్రాజెక్టుల్లో, ఆ మార్పు ఎందుకు చేశారో మీ మాటల్లో తెలుగులో రాసుకుంటే, మూడు నెలల తర్వాత లాగ్ తెరిచినప్పుడు చదవడానికి హాయిగా ఉంటుంది. నా సొంత రిపోలన్నిటిలోనూ నేను అలాగే రాస్తున్నాను.